ఎనిమిది మందికి ఎంత బండి కావాలి?

క్యాంపర్ వ్యాన్ కొనాలనుకునే పెద్ద కుటుంబం మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో ఎంతమంది పడుకోవచ్చు? అమ్మేవాళ్లు కూడా ఆ ప్రశ్నకే జవాబు సిద్ధంగా పెట్టుకుంటారు. వెనక అడ్డంగా ఒక మంచం, దాని మీద ఇంకొకటి, సోఫా లాగితే మరొకటి, పైకప్పు లేపితే ఇంకో ఇద్దరికి చోటు అంటూ ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్క తేలుస్తారు. ఈ లెక్క మొదలుపెట్టిన చోటే తప్పు ఉందని నా వాదన. ఇరుకు బండిలో పెద్ద కుటుంబం రాత్రి గడపగలదా లేదా అన్నది మంచాల సంఖ్యతో తేలదు. లోపలికి గంటకు ఎంత గాలి వస్తుంది, ఒంట్లోంచి వచ్చే వేడి ఎటు పోతుంది, చక్రాల మీద ఎంత బరువు పడుతుంది అన్న మూడు విషయాలే దాన్ని తేలుస్తాయి. ఈ మూడూ కాగితం మీద పెట్టి చూస్తే, బళ్లారి లాంటి ఎండ సీమలో, చిన్న బండి లోపల ముగ్గురో నలుగురో పడుకుని మిగతావాళ్లు దానికి ఆనించి వేసిన గుడారంలో పడుకోవడమే సరైన ఏర్పాటని అర్థమవుతుంది. బండిని ఆ ఏర్పాటుకు తగినట్టు ఎంచుకోవాలి.

బళ్లారినే ఎందుకు తీసుకోవాలంటే, ఇక్కడి కుటుంబ ప్రయాణాల తీరు వేరు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, బళ్లారితో సహా మిగతావి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లాయి. మధ్యలో గీత పడినా చుట్టరికాలు తెగలేదు. అన్నదమ్ములు బళ్లారి కౌల్ బజార్‌లో, ఆడబిడ్డ ఆదోనిలో, మేనమామ రాయదుర్గంలో ఉండటం ఇక్కడ మామూలు సంగతి. పెళ్లికో, దేవరకో, మంత్రాలయానికో, హంపికో, మైలారం జాతరకో, తిరుపతి మొక్కుకో బయలుదేరితే తాత, అవ్వ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పిల్లలు అందరూ కలిసే బయలుదేరతారు. క్యాంపర్ వ్యాన్ అనే ఆలోచన పుట్టిన చోట లెక్క అది కాదు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లో ఫోక్స్‌వాగన్ వ్యాన్‌లో మంచం, అలమర అమర్చినప్పుడు మనసులో పెట్టుకున్నది భార్యాభర్తలను, ఒకరిద్దరు పిల్లలను, చల్లని యూరప్ రాత్రులను. ఆ నమూనాలోకి ఎనిమిది మందిని, బళ్లారి ఏప్రిల్ నెలను ఇరికించాలని చూస్తే ఎక్కడో ఒకచోట చెడక తప్పదు.

మన దేశంలో సిద్ధంగా దొరికే కుటుంబ క్యాంపర్లు చాలా తక్కువ. ఎక్కువమంది ఫోర్స్ ట్రావెలర్ లాంటి వ్యాన్ కొని, బాడీ కట్టే షెడ్డులో లోపల చెక్కపని చేయిస్తారు. ఇంకా చిన్నది కావాలంటే మారుతి ఈకో తీసుకుంటారు. ఈకో పొడవు 3.7 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు మీటరున్నరకు లోపే. అందులో ఇద్దరికి హాయిగా, ముగ్గురికి సర్దుకుంటే చోటు ఉంటుంది. ఎనిమిది మంది మాట వచ్చేసరికి అది జాబితాలోంచి పోతుంది. మిగిలేది, డ్రైవర్ సీటు వెనక సుమారు 4 మీటర్ల పొడవు, 1.75 మీటర్ల వెడల్పు, ఓ మోస్తరు మనిషి నిలబడగల ఎత్తు ఉన్న వ్యాన్. అంటే 7 చదరపు మీటర్ల నేల. అలమరలు, పరుపులు పోగా మిగిలే ఖాళీ సుమారు 10 ఘనపు మీటర్లు. ఇక ముందు వేసే లెక్కలన్నీ ఈ కొలతల మీదే.

ఏడు చదరపు మీటర్లలో ఎనిమిది మంది పడుకోవడం అసాధ్యమేమీ కాదు. మన రైళ్లు రోజూ ఆ పని చేస్తున్నాయి. పాత స్లీపర్ బోగీలో 72 బెర్తులుంటాయి, ఎనిమిదేసి చొప్పున తొమ్మిది గదులు. బోగీ వెడల్పు 3.25 మీటర్లు. ఒక్కో గది పొడవు రెండు మీటర్లకు అటూఇటూ. లెక్కేస్తే ఒక్కో గది నేల 6 చదరపు మీటర్లు, అంటే మన వ్యాన్ కన్నా కాస్త చిన్నదే. బళ్లారి మీదుగా వెళ్లే హంపి ఎక్స్‌ప్రెస్‌లో ఎనిమిది మంది కుటుంబం ఒక గదిలో తెల్లవార్లూ నిద్రపోతే ఎవరికీ ఊపిరి ఆడకుండా పోదు. దీన్నే ఆధారంగా చూపి వ్యాన్‌లోనూ మూడంతస్తుల పడకలు పెట్టొచ్చు కదా అనేవాళ్లున్నారు. రైలు ఎందుకు నెగ్గుకొస్తుందో చూస్తే వ్యాన్ ఎందుకు నెగ్గలేదో అర్థమవుతుంది. రైలు గదికి నాలుగు వైపులా గోడలు లేవు, బోగీలోని గాలంతా అందరిదీ. కిటికీలు తెరిచే ఉంటాయి, బండి కదులుతూ ఉంటుంది కాబట్టి గాలి దానంతటదే లోపలికి తోసుకొస్తుంది. పైన ఫ్యాన్లకు కరెంటు ఎప్పుడూ ఉంటుంది. బోగీ ఎత్తు ఏడడుగులు దాటుతుంది కనుక మూడో అంతస్తు వేసినా మనిషి పక్కకు తిరగడానికి చోటు మిగులుతుంది. ఆగి ఉన్న వ్యాన్‌లో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

రైల్వే అనుభవంలో ఇంకొక పాఠం ఉంది, దాన్ని ఎవరూ తలచుకోరు. 2007 ప్రాంతంలో పక్క బెర్తుల మధ్య మరో బెర్తు చేర్చి, గదికి ఎనిమిది బదులు తొమ్మిది మందిని పట్టించాలని చూశారు. కాగితం మీద అది చక్కటి లెక్క. అదే బోగీ, అదే ఇంజను, ఆదాయం ఎక్కువ. కింద కూర్చున్నవాళ్లకు తల ఎత్తే వీలు లేకపోయింది, మధ్యలో పడుకున్నవాళ్లు కదల్లేకపోయారు, ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కొద్ది ఏళ్లకే ఆ బెర్తుల్ని తీసేయాల్సి వచ్చింది. బాగా పనిచేస్తున్న ఏర్పాటులో ఒక్క పడక చేర్చినందుకే ఇంత తేడా వచ్చింది. నలుగురి కోసం పుట్టిన వ్యాన్‌లో నాలుగు పడకలు చేర్చితే ఎంత తేడా వస్తుందో ఊహించవచ్చు.

ఇక గాలి సంగతి. నిద్రలో ఉన్న పెద్దమనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, చిన్నపిల్లలు 8 లీటర్ల దాకా. ఆరుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిసి గంటకు 88 లీటర్లు. బయటి గాలిలో ఈ వాయువు ప్రతి పది లక్షల వంతుల్లో 420 వంతులుంటుంది. తలుపులు, కిటికీలు పూర్తిగా బిగించిన 10 ఘనపు మీటర్ల గదిలో అరగంట దాటిన కాసేపటికే అది 5,000 దాటుతుంది. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి చాలా దేశాలు పెట్టుకున్న పైహద్దు అదే. నిజానికి ఏ వ్యాన్ కూడా పూర్తిగా బిగుసుకుని ఉండదు, సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది అనొచ్చు. నిజమే. సందుల వల్ల గంటకు రెండుసార్లు గాలంతా మారుతుందనుకుందాం. అప్పుడు కూడా ఆ అంకె పెరిగి పెరిగి 4,800 దగ్గర ఆగుతుంది. దానివల్ల ప్రాణం పోదు. కానీ తల బరువెక్కుతుంది, నిద్ర మాటిమాటికీ చెదురుతుంది, పొద్దున లేచి బండి నడపాల్సిన మనిషి మత్తు వదలకుండానే స్టీరింగ్ పట్టుకుంటాడు. మంచి గదిలో ఉండాల్సిన 1,000 వంతుల దగ్గర దాన్ని ఆపాలంటే గంటకు 150 ఘనపు మీటర్ల కొత్త గాలి కావాలి, అంటే లోపలి గాలి గంటకు పదిహేనుసార్లు మారాలి. నలుగురే లోపల పడుకుంటే అందులో సగం చాలు. ఎదురెదురుగా రెండు కిటికీలు, పైకప్పులో ఒక చిన్న ఫ్యాన్ ఆ పని తేలిగ్గా చేస్తాయి. ఎనిమిది మందికి కూడా ఫ్యాన్ చాలదా అంటే గాలి వరకు చాలుతుంది, వేడి దగ్గరే చిక్కు వస్తుంది.

నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచి సుమారు 75 వాట్ల వేడి వస్తుంది. పిల్లలను తగ్గించి లెక్కేసినా ఎనిమిది మందికి 550 వాట్లు. తెల్లవార్లూ ఒక చిన్న హీటరు వెలుగుతున్నంత వేడి ఇది. ఇది రేకుల్లోంచీ, గాలి వెంటా బయటికి పోవాలి. ఇక్కడ ఒక చిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. పగటి ఎండకు భయపడి గోడలకు, పైకప్పుకు మందంగా థర్మకోలో, ఫోమో దట్టిస్తే పగలు మేలే, రాత్రికి అదే లోపలి వేడిని పట్టి ఉంచుతుంది. ఏమీ దట్టించని రేకు గోడల వ్యాన్, ఫ్యాన్ తిరుగుతుంటే, రాత్రిపూట బయటికన్నా రెండు మూడు డిగ్రీలే ఎక్కువ వేడిగా ఉంటుంది. పూర్తిగా దట్టించిన దాంట్లో, అదే ఫ్యాన్‌తో, తేడా అయిదు డిగ్రీల దాకా వెళ్లొచ్చు. ఎండాకాలం బళ్లారిలో పగలు 40 డిగ్రీలు దాటడం, రాత్రి పొద్దుపోయేదాకా 30కి దిగకపోవడం తెలిసిందే. దాని మీద అయిదు డిగ్రీలంటే నిద్ర మాట మరిచిపోవచ్చు. అందుకే నా సలహా: సూర్యుడు నేరుగా కొట్టే పైకప్పుకు మాత్రం మందంగా దట్టించి, దానికి తెల్ల రంగు వేయించండి. పక్క గోడల్లో వీలైనంత వెడల్పు కిటికీలు, వాటికి దోమతెరలు పెట్టించండి. ఎనిమిది మందీ లోపలే ఉండాలంటే గంటకు 500 ఘనపు మీటర్లకు తగ్గకుండా గాలి ఆడించాలి. పడకలు గాలి దారికి అడ్డంగా ఉన్న చోట అది మాటల్లో ఉన్నంత తేలిక కాదు, పై అంతస్తులో పడుకున్నవాళ్లకు చేరేది వేడిగాలే.

బళ్లారి, అనంతపురం, కర్నూలు పల్లెల్లో ఎండాకాలం జనం మిద్దె మీద పడుకోవడం వెనకున్నది ఇదే భౌతికశాస్త్రం. రాతిగోడలు, మట్టిమిద్దెలు పగలంతా తాగిన వేడిని రాత్రంతా గదిలోకి కక్కుతాయి. మిద్దె మీద చాప వేసుకుంటే ఒంటికి ఎదురుగా ఉండేది ఆకాశం. మబ్బు లేని, తేమ లేని ఆకాశం చాలా చల్లటి ఉపరితలంలా పనిచేస్తుంది. నేల మీదున్న ప్రతి వస్తువూ దానివైపు పరారుణ కిరణాల రూపంలో వేడిని పంపుతూ ఉంటుంది. చదరపు మీటరుకు 50 నుంచి 100 వాట్ల దాకా వేడి ఇలా పోతుంది, ఏ యంత్రమూ లేకుండా, ఏ కరెంటూ లేకుండా. తుంగభద్ర ఆయకట్టు దాటితే ఈ సీమ గాలిలో తేమ తక్కువ, కనుక ఇక్కడి ఆకాశం ఈ పనిని సముద్రతీరం కన్నా బాగా చేస్తుంది. ఈ వరాన్ని వదులుకుని ఎనిమిది మందిని రేకు డబ్బాలోకి తోయడం తెలివైన పని కాదు. దోమతెర పైకప్పు ఉన్న గుడారంలో పడుకున్నవాళ్లకు ఆ చల్లదనం చాలావరకు అందుతుంది, వ్యాన్ లోపల ఉన్నవాళ్లకు అందదు.

ఏసీ ఉంది కదా అన్నది అందరూ తెచ్చే అభ్యంతరం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను, ముసలివాళ్లకు వడగాడ్పుల రోజుల్లో ఏసీ ప్రాణాధారమే. కానీ లెక్క చూడాలి. పైకప్పు మీద బిగించే చిన్న ఏసీ నడుస్తున్నప్పుడు 800 నుంచి 1,000 వాట్ల కరెంటు తీసుకుంటుంది. మధ్యమధ్య ఆగుతుందనుకున్నా రాత్రికి 4 నుంచి 5 యూనిట్లు కావాలి. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కోటి 55 కిలోల దాకా తూగుతుంది, దాన్ని పాడు చేయకుండా వాడుకోగలిగింది యూనిట్ కన్నా తక్కువే. అంటే అయిదు బ్యాటరీలు, 275 కిలోలు. లిథియం బ్యాటరీలైతే బరువు 50 కిలోలకు దిగుతుంది, ధర పైకి ఎగబాకుతుంది. పైకప్పు మీద సౌర పలకలు పరిచినా రోజుకు రెండు మూడు యూనిట్లకు మించి రావు. పైగా మామూలు ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. చల్లగా ఉంది కాబట్టి కిటికీలు మూసేస్తారు, ముందు చెప్పిన కార్బన్ డయాక్సైడ్ లెక్క మళ్లీ మొదలవుతుంది.

కరెంటు చాలక ఇంజను నడుపుతూనో, జనరేటరు పెట్టుకునో ఏసీ వేసుకుంటే అసలు ప్రమాదం అక్కడుంది. 2024 డిసెంబరులో కేరళలోని వటకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో పడుకున్న ఇద్దరు మనుషులు నిద్రలోనే చనిపోయారు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నేలలోని సందు ద్వారా లోపలికి చేరిందని పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మత్తుగా ఉందనుకునేలోపే మనిషి లేవలేని స్థితికి వస్తాడు. లోపల ఎక్కువమంది ఉంటే ఎవరో ఒకరు లేచి చూస్తారులే అనుకోవడం కూడా భ్రమే, అందరూ పీల్చేది అదే గాలి. పడుకునే బండిలో ఇంజను కానీ, జనరేటరు కానీ, గ్యాస్ పొయ్యి కానీ, బొగ్గుల కుంపటి కానీ రాత్రిపూట నడవకూడదు. ఎంత చిన్న క్యాంపర్ అయినా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. ఈ ఒక్క విషయంలో రాజీ మాట ఎత్తకండి.

బరువు సంగతి ఈ సీమ జనానికి బాగా తెలిసే ఉండాలి. సండూరు గనుల నుంచి ఇనుప ఖనిజం లారీలు పరిమితికి మించి మోసిన కాలంలో రోడ్లు ఏమయ్యాయో అందరూ చూశారు. ఆ గనుల మీద 2011లో వచ్చిన కర్ణాటక లోకాయుక్త నివేదిక వేలెత్తి చూపిన వాటిలో ఆ అధిక బరువు ఒకటి. అదే తప్పును కుటుంబం కోసం కట్టించే బండిలో తెలియకుండానే చేస్తాం. ఉదాహరణకు, మొత్తం బరువు 3,500 కిలోలు మించకూడదని రాసి ఉన్న వ్యాన్, ఖాళీగా 2,300 కిలోలు ఉందనుకుందాం. మోయడానికి మిగిలింది 1,200 కిలోలు. ఆరుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు 420 కిలోలు. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక్కో పలక, ఎనిమిది అడుగులు నాలుగు అడుగులది, సుమారు 35 కిలోలు. ఎనిమిది పడకలు, అలమరలు చేయాలంటే పది పలకలు పడతాయి, 350 కిలోలు. పరుపులు, ఇనుప చట్రాలు 100. ఫ్రిజ్, పొయ్యి, సిలిండరు, వంటపాత్రలు 90. బ్యాటరీలు, ఇన్వర్టరు, ఏసీ, సౌర పలకలు పొదుపుగా వేసినా 150. మనిషికి రోజుకు 15 లీటర్ల చొప్పున నీళ్లు 120. బట్టల సంచులు 100. మొత్తం 1,330 కిలోలు. ఇంకా ప్రసాదాల సంచీ, కోడలు పుట్టింటి నుంచి తెచ్చే బియ్యం మూట ఎక్కకముందే 130 కిలోలు ఎక్కువ. ఇందులో మనుషుల్ని తగ్గించలేం, నీళ్లు తగ్గించకూడదు. తగ్గించగలిగింది చెక్కపని, బ్యాటరీలు, ఏసీ. ఆ మూడూ ఎనిమిది పడకల కోసం వచ్చి చేరినవే. ఒక మంచి కుటుంబ గుడారం బరువు 20 కిలోలు కూడా ఉండదు.

ఎంత బరువన్నదే కాదు, ఎంత ఎత్తులో ఉందన్నదీ లెక్కే. బండి పక్కకు పడిపోకుండా నిలబడే శక్తి, చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రపు ఎత్తుతో భాగిస్తే వస్తుంది. చక్రాల మధ్య ఒకటిన్నర మీటరు, కేంద్రం ఒక మీటరు ఎత్తులో ఉంటే ఆ అంకె 0.75. పై అంతస్తు పడకలు, కప్పు మీద సామాను, నీళ్ల ట్యాంకు, ఏసీ కలిసి కేంద్రాన్ని మరో 15 సెంటీమీటర్లు లేపితే 0.65కి పడిపోతుంది. చదును రోడ్డు మీద ఈ తేడా కనిపించదు. సండూరు కొండల మలుపుల్లోనో, శ్రీశైలం ఘాట్‌లోనో, ఎదురుగా బర్రె అడ్డమొచ్చి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినప్పుడో కనిపిస్తుంది. టైర్ల మాట కూడా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం తారురోడ్డు వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పరిమితికి మించిన బరువు, కాస్త తగ్గిన గాలి, ఆ వేడి మూడూ కలిస్తే టైరు పక్క గోడ పదేపదే వంగి లోపలే కాగిపోతుంది. అలాంటి రోజుల్లో టైరు పగిలితే దాన్ని దురదృష్టమనలేం.

లోపల కొందరు, బయట కొందరు పడుకునే ఏర్పాటు ఈ నేలకు కొత్త కాదు. మైలారం, కొట్టూరు, కురుగోడు జాతరలకు గూడుబండ్లలో వెళ్లిన కుటుంబాలు అందరినీ గూడులోనే పడుకోబెట్టాలని చూడలేదు. బాలింతలు, పసిపిల్లలు, ముసలివాళ్లు లోపల, మిగతావాళ్లు బండి పక్కన కంబళి పరుచుకుని, వాన చినుకులు పడితే బండి కిందికి. మనుషుల్ని, సామాన్లను మోయడం బండి పని, పడకకు నేల ఉంది. ఇప్పుడు దొరికే సామగ్రితో అదే ఏర్పాటును ఇంకా మెరుగ్గా చేయొచ్చు. పక్క తలుపుకు తగిలించే గుడారం, నీరు లాగని అడుగు పట్టా, నాలుగు వైపులా దోమతెర, వానకు పైన కప్పే రెండో గుడ్డ, లోపల తేలికైన మడత మంచాలు. నలుగురు లోపల, నలుగురు బయట. మధ్యలో తలుపు తెరిచే ఉంటుంది కనుక అవ్వ పిలిస్తే కొడుకుకు వినిపిస్తుంది. పగలు అదే గుడారం వంటకు, భోజనాలకు నీడ.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో వాన చిన్నది. బళ్లారికి ఏటా పడే వాన తక్కువే, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ దాకా. ప్రయాణాలు, జాతరలు ముమ్మరంగా ఉండేది మిగతా నెలల్లో. దోమలు పెద్ద అభ్యంతరం. సిరుగుప్ప, కంప్లి వైపు కాలువ కింద వరి పండే ఊళ్లలో సాయంత్రం దోమలు మూగుతాయి, అక్కడ తెరలేని గుడారం వేయకూడదు, వేస్తే మలేరియాను పిలిచినట్టే. భద్రత ఇంకా పెద్దది. నడిరోడ్డు పక్కన, ఊరి బయట తోపుల్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబం గుడారం వేయడం మంచిది కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే అలాంటి చోట వ్యాన్ తలుపులు బిగించుకుని పడుకోవడం కూడా మంచిది కాదు, పైగా తలుపులు బిగించాల్సి వస్తే గాలి లెక్క తలకిందులవుతుంది. గుడారం వేయలేని చోట రాత్రి ఆగకూడదన్నది మంచి నియమం. మఠాల ఆవరణలు, దేవాలయాల సత్రాల ఖాళీ స్థలాలు, తెలిసినవాళ్ల కళ్లాలు, రాత్రంతా మనుషులుండే పెట్రోల్ బంకులు మనకు కొత్తేమీ కావు. దరోజి వైపు మాత్రం జాగ్రత్త. 1994లో అక్కడ ఎలుగుబంట్ల అభయారణ్యం పెట్టారు, ఆ గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. ఆ చుట్టుపక్కల ఆరుబయట పడక వద్దే వద్దు.

అసలు క్యాంపరే ఎందుకు, టెంపో ట్రావెలర్ అద్దెకు తీసుకుని సత్రంలో దిగితే సరిపోదా అని అడిగేవాళ్లకు నా జవాబు: చాలా కుటుంబాలకు అదే సరి. ఏడాదికి రెండుసార్లు తిరుపతికి, ఒకసారి మంత్రాలయానికి వెళ్లే ఇంటికి సొంత క్యాంపర్ పెట్టుబడి గిట్టుబాటు కాదు. మంత్రాలయం, తిరుపతి లాంటి చోట్ల తక్కువ ఖర్చుకే గదులు దొరుకుతాయి. మాటిమాటికీ ప్రయాణాలు చేసేవాళ్లకు, సత్రాలు లేని జాతరలకు వెళ్లేవాళ్లకు, మంచం దిగలేని పెద్దలను వెంట తీసుకెళ్లాల్సినవాళ్లకు క్యాంపర్ అర్థవంతమే. వాళ్లు కూడా మడత సీట్ల వ్యాన్, మంచి గుడారం వైపు చూస్తే సగం ఖర్చు మిగులుతుంది. చెక్కపని తక్కువైన వ్యాన్‌ను మిగతా రోజుల్లో పెళ్లి సామానుకో, ఆస్పత్రికో, పంట సంచులకో వాడుకోవచ్చు. ఎనిమిది మంచాలు బిగించిన వ్యాన్ ఆ రోజుల్లో షెడ్డులో నిలబడే ఉంటుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి ఈ లెక్కల్లోంచే వస్తాయి. మొదటిది సీట్లు, పడకలు తర్వాత. ప్రయాణించే ఎనిమిది మందికీ ముందుకు తిరిగిన సీటు, బెల్టు ఉండాలి. మంచం మీద పడుకుని, అడ్డసోఫా మీద కూర్చుని ప్రయాణం చేయకూడదు, బ్రేకు వేసినప్పుడు మంచం ఎవరినీ పట్టి ఉంచదు. పడకల్లో రెండు కింద, అవ్వాతాతల కోసం, మెట్లెక్కకుండా చేరేలా. మిగతా రెండు సీట్లు మడిస్తే వచ్చేలా. ఎదురెదురు కిటికీలు, పైకప్పు ఫ్యాన్, అలారం. నీళ్ల ట్యాంకు నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల మధ్య. చట్టం మాట కూడా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా, ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. షెడ్డులో కట్టించాక చూసుకుందాంలే అనుకుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మొదట అడిగేది ఆ ప్రశ్నే. సరిహద్దు జిల్లాలో రెండు రాష్ట్రాల రవాణా అధికారుల ముందూ నిలబడాల్సి రావచ్చు, కనుక క్యాంపర్‌గా నమోదు కాగల బండినే, ఆ పని చట్టబద్ధంగా చేసేవాళ్ల దగ్గరే చేయించుకోండి.

డబ్బు కట్టేముందు ఇంకొక్క పని చేయండి. హొసపేట, తోరణగల్లు, బళ్లారి దారుల్లో వేబ్రిడ్జిలకు కొదవ లేదు. ట్యాంకు నిండా డీజిల్, నీళ్లు నింపి, గుడారం, వంటసామాను, బట్టలు అన్నీ ఎక్కించి, ఇంటిల్లిపాదీ కూర్చుని బండిని తూయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా కూడా తూయమనండి. చీటీలో వచ్చిన అంకె ఆర్‌సీలో రాసిన పరిమితికి కనీసం 100 కిలోలు తక్కువ ఉండాలి. లేకపోతే ఆ బండిలో ఎన్ని పడకలున్నా కొనకండి.